ఇటలీ వెస్టర్న్ చలనచిత్రములు — ఆస్వాదవిచారము

1964 మొదలుకొని ఇంచుమించు పదునైదేండ్లకాలము ఇటలీదేశపు చిత్రనిర్మాతలు అమెరికా పశ్చిమప్రాంతము కథారంగముగా గల చలనచిత్రములను వందలకొలది నిర్మించిరి. నిర్మాతలు ఇటాలియనులు. చిత్రీకరణమునకు తఱచుగా ఎన్నుకొన్న యెడారి స్పెయినుదేశమున అల్మేరియా మండలమందలిది. నటులలో అమెరికనులు, జర్మనులు, స్పెయినువారు, ఫ్రెంచివారు గలరు. విమర్శకు లీ చిత్రములకు ఒక ఇటాలియను భోజ్యపదార్థము పేరు తగిలించి 'స్పెగెటీ వెస్టర్నులు' అని వ్యవహరించిరి. ఆ పేరు పరిహాసముగా వ్యాపించినది. నేడా పరిహాసము సమసిపోయినది, పేరు నిలిచినది, చిత్రములును నిలిచినవి. అరువదేండ్లు గడచిన తరువాతను వానిని చూచి యానందించువారు నానాదేశములందు గలరు.

ఆ యానందము యొక్క స్వరూపమెట్టిదను ప్రశ్నను ఈ వ్యాసమున మేము విచారింపదలచితిమి. తెలుగు శాఖ పత్రికలో దీనికి చోటేమి యని కొందఱు శంకింపవచ్చును. రససిద్ధాంతము సార్వకాలికమని మనము తరగతి గదులలో బోధించుచున్నాము. ఆ మాట నిజమైనచో, అది భరతుడు కలనైన నెఱుగని కళకును వర్తింపవలెను. వర్తింపనిచో ఎచ్చట, ఏల వర్తింపదో చెప్పగలుగవలెను. శాకుంతలమునకు మాత్రమే సరిపడు కొలబద్దను సార్వకాలికమని విద్యార్థులకు చెప్పుట న్యాయము కాదు. ఉదాత్తనాయకుడు లేని, ధర్మవిజయము నిశ్చయము కాని యీ చిత్రములు ఆ సిద్ధాంతమునకు గట్టి పరీక్ష.

పై ప్రశ్నకు రెండు సమాధానములు వాడుకలో నున్నవి. ఈ చిత్రములను చూచువారు హింసను చూచి యానందింతురనునది మొదటిది. ఇవి అమెరికను వెస్టర్నునకు చౌకబారు అనుకరణములు గావున వీనియందు ప్రత్యేకముగా ఆస్వాదింపదగినదేదియు లేదనునది రెండవది. ఈ రెండింటిని పూర్వపక్షములుగా గ్రహింతము. మా సిద్ధాంతమును ముందే సంగ్రహముగా చెప్పుచున్నాము: ఈ చిత్రములలో ఆస్వాదస్థానము తుపాకి ప్రేలుట కాదు, ప్రేలుటకు ముందు గల నిరీక్షణము. ఆ నిరీక్షణకాలమును దర్శకుడు దేనితో నింపెనను దానినిబట్టియే దర్శకుల తారతమ్యము నిర్ణయింపదగును.

అనుకరణవాదమును ముందుగా చూతము. సెర్జియో లియోనే (1929–1989) తీసిన మొదటి వెస్టర్న్ చిత్రము 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964). దీని కథ జపాను దర్శకుడు అకిరా కురోసావా 1961లో తీసిన 'యోజింబో' నుండి వచ్చినది. జపానువారు వ్యాజ్యము వేసిరి. ప్రపంచమున వచ్చు రాబడిలో నూటికి 15 వంతులు వారికి చెల్లునట్లు రాజీ జరిగినది. వ్యవహారదృష్టితో ఋణము ఋణమే. విమర్శదృష్టి వేఱు. భారతకథను గ్రహించిన కవిని వస్తువు గ్రహించినందులకు మన మాక్షేపింపము; గ్రహించి యేమి చేసెనని యడుగుదుము. కురోసావా చిత్రమున తోషిరో మిఫూనే శరీరమంతటితో నటించును: భుజము లెగురవేయును, ఒడలు గోకుకొనును, గడ్డము నిమురుకొనును. లియోనే చిత్రమున క్లింట్ ఈస్ట్‌వుడ్ కదలడు. నోట చుట్ట, సగము మూసిన కన్నులు, భుజములపై కంబళి – ఇంతియే. కథ యొక్కటియే; రీతి పూర్తిగా మాఱినది. ఇంత భేదము గల దానిని అనుకరణమని త్రోసివేయుట తగదు.

ఈ రీతి పుట్టుటకు కళాదృష్టియే కాక లేమియు కారణము. టెక్నికలర్ సంస్థ ఇటలీశాఖవారు 1960 ప్రాంతమున టెక్నిస్కోప్ అను పద్ధతిని రూపొందించిరి. సాధారణముగా ఒక్కొక్క చిత్రఖండమునకు ఫిలిముపై నాలుగు రంధ్రముల పొడవు పట్టును. ఈ పద్ధతిలో రెండు రంధ్రముల పొడవే చాలును. ఫిలిము సగము మిగులును. తెరపై బొమ్మ మాత్రము వెడల్పుగా నుండును. పొదుపునకై పుట్టిన యీ వెడల్పును లియోనే ఒక మనుష్యుని రెండు కన్నులను చూపుటకు వినియోగించెను. అంతవఱకు కొండలకును మైదానములకును దక్కిన విస్తారము ముఖమునకు దక్కినది. చెమట, దుమ్ము, ముడుతలు, ఱెప్పపాటు – ఇవియే యొక ప్రదేశమైనవి.

శబ్దవిషయమును ఇట్టిదే. నటులు తమతమ భాషలలో పలుకుచుండగా చిత్రించి, మాటలను ధ్వనులను పిదప వేఱుగా చేర్చుట నాటి ఇటలీ చిత్రసీమ యలవాటు. అందుచే సంభాషణ చిత్రమునకు వెన్నెముక కాజాలకపోయినది. ఆ స్థానమున ధ్వనియు సంగీతమును నిలిచినవి. సంగీతకర్త ఎన్నియో మొరికోనే (1928–2020) ఈలను, గంటను, కొరడాచప్పుడును, మాటలు లేని మానవకంఠమును వాద్యములవలె వాడెను. అలెస్సాండ్రో అలెస్సాండ్రోని ఈల, ఎడ్డా డెల్లోర్సో కంఠము నాయకుని మౌనమునకు బదులు పలికినవి. మౌనము, కన్నులు, సంగీతము – నిరీక్షణమును నిర్మించుటకు ఈ మూడే సామగ్రి.

ఇక నాయకుని సంగతి. దశరూపకకర్త నాయకులను ధీరోదాత్త, ధీరలలిత, ధీరశాంత, ధీరోద్ధతులని నాలుగు తెఱగుల విభజించెను. లియోనే నాయకుడు ఏ తెగలో చేరును? ఉదాత్తుడు కాడు, ధనమునకై చంపువాడు. లలితుడు కాడు, శృంగారమునకు దూరుడు. శాంతుడు కాడని చెప్పనక్కఱలేదు. ఉద్ధతుడును కాడు, ఆత్మశ్లాఘ యెఱుగడు. ధీరత్వ మొక్కటి మిగిలి, దాని విశేషణము ఊడిపోయినది. అట్లే యితనియందు వీరరసము చెప్పుటయు కష్టము. వీరమునకు స్థాయి ఉత్సాహము. ఇతనియందు ఉత్సాహము వెలికి కానరాదు. యుద్ధము ఇతనికి బేరమువంటిది. కావున ఇచ్చట వీరరసమున్నదని వాదించువారు చిత్రమును సరిగా చూడలేదనియే మేము తలంతుము.

మఱి ఉన్నదేమి? ముప్పదిమూడు సంచారిభావములలో అవహిత్థ యొకటి. హృదయమందలి భావమును బయటికి పొక్కనీయక దాచుట దాని లక్షణము. కుమారసంభవమున తండ్రిప్రక్క నిలిచి లీలాకమలపు ఱేకుల నెంచు పార్వతి దీనికి ప్రసిద్ధోదాహరణము. పార్వతికిని, చుట్ట కొఱుకుచు నిలిచిన హంతకునకును సామ్యము చెప్పుట సాహసముగా దోపవచ్చును. వారి హృదయములు వేఱు; సహృదయుడు చేయు పని యొక్కటే. అతడు ముఖమున కనబడనిదానిని వెదకును. 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'లో నాయకుడు తన ప్రాణమునకు ముప్పని యెఱిగియు, బందీయైన మారిసోల్ అను స్త్రీని ఆమె భర్తకును బిడ్డకును అప్పగించి, చేతిధనమిచ్చి పంపివేయును. ఏల సాయపడితివని యడుగగా, పూర్వ మట్టిస్థితిలోనున్న యొకతెను తానెఱుగుదుననియు, నాడు సాయపడువారు లేకపోయిరనియు మాత్రము చెప్పి యూరకుండును. ఒక్క క్షణము తలుపు తెఱచి మూసినట్లయినది. చిత్రమంతటిలో దాచినదానిని గూర్చి మనకు దొరకు జాడ యిదియొక్కటే.

సంచారిభావము ప్రధానముగా వ్యంజితమైనచో దానిని రసమనక భావమనవలెనని మమ్మటుడు నిర్ణయించెను. ఆ నిర్ణయ మిచ్చట చక్కగా పనికివచ్చుచున్నది. లియోనే తొలిచిత్రము రసస్థితి నందలేదు; అందలి యాస్వాదము భావధ్వని. ఇట్లనుట నింద కాదు, స్థాననిర్దేశము.

తరువాతి చిత్రములలో ఈ దర్శకుడు నిరీక్షణమును క్రమముగా నింపుకొనుచు వచ్చెను. 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' (1965)లో ఇండియో యను బందిపోటు ఒక జేబుగడియారమును తెఱచును. అందుండి సన్నని సంగీతము వినవచ్చును. అది ఆగిన క్షణమున ద్వంద్వయుద్ధము. మొదటిసారి వినునపుడది వింత క్రూరత్వము మాత్రమే. ఆ గడియారము మార్టిమర్ కర్నలు సోదరిదనియు, ఆమె మానమును ప్రాణమును పోవుటకు ఇండియోయే కారకుడనియు తెలిసిన పిమ్మట అదే సంగీతము వేఱొక యర్థము నిచ్చును. ఉద్దీపనవిభావ మొక్కటే, ప్రేక్షకుని జ్ఞానము మాఱుటచే భావము మాఱినది. కడపట కర్నలు బహుమానధనమును తాకక వెడలిపోవును. డాలర్ల పేరు పెట్టుకొన్న చిత్రమున డాలర్లను విడిచినవాడు మనకు గుర్తుండును.

'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966)లో ముగ్గురు శ్మశానమధ్యమున వలయాకారమైన రాతినేలపై నిలిచి యొకరి నొకరు చూచుకొందురు. ఎవరు ఎవరిని కాల్చుదురో మువ్వురిలో ఎవరికిని నిశ్చయము లేదు. ముఖము, చేయి, కన్ను – ఈ మూడు చిత్రఖండములు మాఱిమాఱి వచ్చుచు, సంగీతముతోపాటు వేగము హెచ్చును. శంక, వితర్కము, త్రాసము, గర్వము ఒకదానివెంట నొకటి తోచి మఱగిపోవును. మమ్మటుడు భావశబలత యన్నది యిదియే. అలంకారశాస్త్రమందలి యొక పారిభాషికపదమునకు ఇంత స్పష్టమైన దృశ్యోదాహరణము అరుదు. ఈ చిత్రమున అమెరికా అంతర్యుద్ధము నేపథ్యముగా నున్నది. ఒక వంతెనకొఱకు ఇరువైపుల సైనికులు నిరర్థకముగా చచ్చుచుందురు. చావబోవు ఒక యువసైనికునకు నాయకుడు తన కోటు కప్పి, తన చుట్టతో రెండు దమ్ములు పీల్పించును. మాట లేదు. దాచిన దయ మరల నొకసారి కానవచ్చినది. ఈసారి అది స్త్రీకి గాక శత్రుమిత్రభేదము లేని మృత్యువునకు ఎదురుగా కనబడినది.

'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968) నిరీక్షణమునే వస్తువుగా గ్రహించినది. ప్రారంభమున ముగ్గురు హంతకులు రైలుస్టేషనులో వేచియుందురు. గాలిమర కిఱ్ఱుమనును, ఒకని టోపీపై నీటిబొట్లు పడును, మఱియొకడు ఈగను తుపాకిగొట్టమున బంధించి దాని రొద వినును. పలునిమిషములు వేచిన మువ్వురును క్షణములో చత్తురు. మంచివారి పాత్రలకు ప్రసిద్ధుడైన హెన్రీ ఫాండా యిందు బాలఘాతకుడైన ఫ్రాంకుగా కనబడును. అతనిని వెదకుచు వచ్చినవానికి పేరు లేదు, నోట మౌతార్గాను గలదు. అతని జ్ఞాపకమున మసకగా ఒక యాకారము నడచివచ్చుచుండును. అది యేమో తుదిద్వంద్వయుద్ధము వఱకు మనకు తెలియదు. అప్పుడు మసక విడిపోవును: తోరణమునకు వ్రేలాడు ఉరిత్రాడు, ఆ త్రాడు మెడనున్న యన్న, అతనిని భుజములపై మోయుచున్న బాలుడు, ఆ బాలుని నోట మౌతార్గానును గ్రుక్కి నవ్వు ఫ్రాంకు. బాలుడు కూలిన క్షణమున అన్న చచ్చును. పిదప ప్రేలిన తుపాకి మనకు వినబడినను లెక్కలోనిది కాదు. స్మృతి యను సంచారి శోకమును వెలికి తెచ్చినది. క్రోధమునకు మూలము కరుణమని తేలినది. ఇచ్చట భావధ్వని రసమైనది. నాలుగు సంవత్సరములలో ఒక దర్శకుడు నడచిన దూర మిది.

హింసావాదమునకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. హింసయే యాస్వాద్యమైనచో దర్శకుడు దానిని పొడిగింపవలెను. అమెరికను దర్శకుడు శామ్ పెకిన్‌పా 'ది వైల్డ్ బంచ్' (1969)లో గుండు తగిలిన దేహములను మందగతిని చూపి ఆ పనియే చేసెను. లియోనే పొడిగించినది గుండునకు ముందుకాలమును. ఈ భేదము చిన్నది కాదు. అయినను పూర్వపక్షమున సత్యాంశము లేకపోలేదు. వందలాది చిత్రములలో పెక్కింటియందు నిరీక్షణము లేదు, చంపుటలెక్క మాత్రమున్నది. ప్రసిద్ధచిత్రములును దోషముక్తములు కావు. సెర్జియో కోర్బూచి 'జాంగో' (1966)లో ఒకని చెవి కోసి వాని నోటనే పెట్టుదురు. బ్రిటను చలనచిత్రపరిశీలకమండలి ఈ చిత్రమునకు 1967లో అనుమతి నిరాకరించి 1993 వఱకు ఈయలేదు. చెవి కోసిన ఘట్టమున ప్రేక్షకుడు బీభత్సమును ఆస్వాదింపడు, తల త్రిప్పుకొనును. అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నములతో దీనిని చేర్చుట తగును. అదే చిత్రమున తుదిఘట్టము వేఱు. చేతులు నలిగిపోయిన నాయకుడు సమాధిశిలువకు పిస్తోలును ఆనించి, పండ్లతో దానిని సవరించుకొనుచు శత్రువులకై వేచియుండును. వ్రేళ్లు లోబడునా లేదా యను ప్రశ్న ఊపిరి బిగియబట్టించును. ఒకే చిత్రమున విఘ్నమును, నిర్విఘ్నమైన యాస్వాదమును గలవు.

కోర్బూచి ప్రతిభ పూర్తిగా తెలియవలెనన్న 'ది గ్రేట్ సైలెన్స్' (1968) చూడవలెను. ఎడారికి బదులు మంచు. కథాస్థలము యూటా, చిత్రీకరణము ఇటలీలోని డోలొమైట్ పర్వతములలో. నాయకుడు (జాఁ లూయి ట్రింటిన్యాఁ) మూగవాడు. బాల్యమున హంతకులు కంఠము కోసిరి. ఎదిరి మొదట పిస్తోలు తీయువఱకు ఓపికపట్టి, ఆత్మరక్షణముగా చంపుట అతని పద్ధతి. ప్రతినాయకుడు (క్లాస్ కిన్‌స్కీ) చట్టము చూపి ధనమునకై చంపువాడు. ఆ చట్టమును గుర్తెఱిగి, తాను ముందుగా పిస్తోలు తీయడు. ఇర్వురును వేచియుండువారే. ప్రేక్షకుడు లియోనే నేర్పిన యలవాటుచొప్పున నాయకుని విజయమునకై వేచియుండును. గాయపడిన చేతులతో నాయకుడు వచ్చును, కాల్పబడును, అతని ప్రేయసియు, బందీలందఱును చంపబడుదురు, హంతకులు వెడలిపోవుదురు. సుఖాంతమైన మఱియొక ముగింపు చిత్రింపబడినను, చిత్రమునకు జీవము ఈ మరణాంతమే. హింసావిజయమే ఆనందకారణమైనచో ఈ చిత్రము ఎవరికిని రుచింపరాదు. కాని నేడిది యీ దర్శకుని యుత్తమచిత్రములలో నొకటిగా గణింపబడుచున్నది. భాసుని పేర వెలసిన ఊరుభంగమును ఆదరించిన మనకు నాయకుని పతనమున కరుణము పండుట క్రొత్త కాదు. క్రొత్తయైనది, ఆ కరుణము మన నిరీక్షణమునే దోషిగా నిలుపుట.

సెర్జియో సొల్లీమా (1921–2015) తీసిన వెస్టర్నులు మూడే. ఆయన నిరీక్షణమును వితర్కముతో నింపెను. 'ది బిగ్ గన్‌డౌన్' (1966)లో ఒక బాలికను చెఱచి చంపినాడన్న నిందమోపబడిన నిఱుపేద మెక్సికనును ఒక న్యాయాభిమాని తఱుముచుండును. తఱిమినకొలది నిందితుడు నిర్దోషియనియు, దోషి ధనికుని యింటివాడనియు తేలుచుండును. పట్టుబడునా యను ప్రశ్న క్రమముగా పట్టుట ధర్మమా యను ప్రశ్నగా మాఱును.

'ఫేస్ టు ఫేస్' (1967) ఉపాధ్యాయులు తప్పక చూడదగినది. బ్రాడ్ ఫ్లెచర్ అను చరిత్రాచార్యుడు ఆరోగ్యమునకై ఉత్తరమునుండి టెక్సాసునకు వచ్చి, బందిపోటు బ్యూరిగార్డ్ బెన్నెట్ చేత చిక్కును. ఆచార్యుడు మొదట అతనికి కనికరము నేర్పును. పిదప తాను తుపాకి నేర్చుకొనును. తుదకు తన విద్యాబలముతో ముఠాను నడపుచు, ఒక్కడు చేసిన హింస నేరమనియు, సమూహము చేసినది చరిత్రయనియు వాదించుస్థితికి వచ్చును. బందిపోటు మనుష్యుడగుచుండగా ఆచార్యుడు క్రూరుడగును. పిఱికివాడు ధైర్యవంతుడగుచున్నాడని మొదట మనము సంతోషింతుము. ఆ సంతోషము ఎచ్చట ఆగవలెనో చిత్రము చెప్పదు. ఆపుకొనలేకపోయినవాని సిగ్గు తుదిని మనకే మిగులును. విద్య హింసకు ప్రతిబంధకమని నమ్ముకొన్న మనవంటివారికి ఇంతకంటె నిర్దాక్షిణ్యమైన ప్రశ్న ఈ చిత్రశాఖలో మఱియొకటి లేదు.

ఈ శాఖ క్షీణించిన తీరును మా సిద్ధాంతమునకు సాక్ష్యమే. ఎంజో బార్బోని 'దే కాల్ మి ట్రినిటీ' (1970)లో నిరీక్షణము హాస్యమునకు లోబడినది. తుపాకికై చూచినచోట చెంపదెబ్బ వచ్చును. ప్రేక్షకులు విరగబడి నవ్విరి. ఒక నిరీక్షణమును చూచి నవ్వగలిగిన పిదప దానిని మరల గంభీరముగా నిలుపుట దుష్కరము. చిత్రములు మఱికొన్నేండ్లు వచ్చినను శక్తి సన్నగిలినది.

తెలుగునాటికిని ఈ గాలి సోకినది. 1971లో కె.ఎస్.ఆర్. దాసు దర్శకత్వమున కృష్ణ నాయకుడుగా 'మోసగాళ్ళకు మోసగాడు' వెలువడినది. దానికి రచన చేసినది ఆరుద్ర. మన బల్లలపై నుండు సమగ్రాంధ్రసాహిత్యమును రచించిన చేయియే గుఱ్ఱములు, టోపీలు, నిధియన్వేషణము గల యీ కథను వ్రాసినది. పండితుడు ఈ చిత్రశాఖను హీనముగా చూడనక్కఱలేదనుట కిది యొక నిదర్శనము. అయితే తెలుగు చిత్రమునకు పాటయు మాటయు ప్రాణములు. ఇటలీవారు మౌనముతో నింపిన కాలమును మనవారు సంభాషణతోను గీతముతోను నింపవలసివచ్చినది. ఇది లోపమని మా యభిప్రాయము కాదు. వేషము సముద్రము దాటి వచ్చినను, నిరీక్షణము ఆయా భాషయొక్క కళాసంప్రదాయమును బట్టియే రూపొందునని దీనివలన తెలియుచున్నది. పరిశోధకవిద్యార్థులకు ఇది మంచి క్షేత్రము.

తేలిన యంశములు మూడు. ఈ చిత్రములయందలి యాస్వాదము హింసాస్వాదము కాదు; హింస యెచ్చట నిరీక్షణమును మ్రింగివేసినదో అచ్చట ఆస్వాదమును నశించినది. రససిద్ధాంతము ఇచ్చట వర్తించును, కాని వీరము, ధీరోదాత్తుడు మొదలైన పెద్దపదములతో గాక, అవహిత్థ, స్మృతి, వితర్కము, భావశబలత యను చిన్నపదములతో వర్తించును. సంచారులను పట్టికగా వల్లెవేయించి విడిచిపెట్టు మన బోధనపద్ధతి ఈ విషయమున పునర్విచారణీయము. ఇక దర్శకుల తారతమ్యము: నిరీక్షణమును స్మృతితో నింపి రసస్థితికి కొనిపోయినవాడు లియోనే, దానిని భంగపఱచి కరుణమును సాధించినవాడు కోర్బూచి, దానిని ప్రశ్నగా మార్చి ప్రేక్షకునివైపు త్రిప్పినవాడు సొల్లీమా. శిల్పమున లియోనేకు సాటివచ్చువాడు లేడు. అయినను చూచినవానిని చిరకాలము నిద్రపోనీయని గుణమును బట్టి యెంచినచో, 'ది గ్రేట్ సైలెన్స్', 'ఫేస్ టు ఫేస్' అను రెండు చిత్రములకును అగ్రస్థానమున పాలు గలదని మా నిశ్చయము.